చెన్నైలో బెండు గాలం: ఎక్కడ వేయాలి, ఎక్కడ దిగాలి

చెన్నైలో సముద్రం ఊరు పొడుగునా ఉంది కానీ, సముద్రంలోకి నడిచి వెళ్ళి నిలబడి గాలం వేసుకునే పియర్ మాత్రం లేదు. 1861లో రేవు కోసం ఒక పియర్ కట్టారు. 1868, 1872 తుపానులు దాన్ని పనికిరాకుండా చేశాయి. ఇప్పటి పోర్టు గోడల మీదికి మామూలు జనాన్ని రానివ్వరు. మెరీనా ఒడ్డున నిలబడి బెండు విసిరితే అల దాన్ని మళ్ళీ మన కాళ్ళ దగ్గరికే తెచ్చి పడేస్తుంది. అందుకే ఇక్కడ బెండు గాలం వేయాలంటే అల తగలని ఉప్పునీళ్ళు వెతుక్కోవాలి. నేనూ మా మేనల్లుడూ నెల్లూరు నుంచి వెళ్ళినప్పుడల్లా తిరిగేది ఆ ఉప్పుటేర్ల చుట్టూనే.

నా ఓటు ముట్టుకాడుకే. నగరానికి దక్షిణంగా ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద సుమారు 35 కిలోమీటర్లు. మహాబలిపురం వైపు వెళ్ళే బస్సులు అటే పోతాయి. పర్యాటక శాఖ బోట్ హౌస్ 1984 నుంచి అక్కడే ఉంది. పగటి పూట మోటారు బోట్ల హడావుడికి బెండు నిలవదు. తెల్లారగట్ల మాత్రం వంతెన దగ్గర నీళ్ళు ప్రశాంతంగా ఉంటాయి, పోటు వచ్చేటప్పుడు సముద్రపు చేప లోపలికి వస్తుంది. వంతెన పైన లారీల మధ్య నిలబడే వాళ్ళని చూశాను, చాలా ప్రమాదం. కింద ఒడ్డున రాళ్ళ మీద చోటు చూసుకోవడమే మంచిది.

ఒక విషయం ముందే కనుక్కోవాలి. ఎండాకాలంలో ఏటి మొగ ఇసుకతో పూడుకుపోతుంటుంది. మొగ మూసుకుంటే పోటు లోపలికి రాదు, పోటు రాకపోతే చేపా రాదు. రూము బుక్ చేసే ముందు అక్కడి పడవ వాళ్ళనో టీ కొట్టు వాళ్ళనో ఈ ఒక్క మాట అడగండి. రెండోది పంచాంగం. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు గట్టిగా ఉంటుంది, అష్టమి నవములకి నీరసంగా ఉంటుంది, రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. మేం సెలవు పెట్టేది తిథి చూసుకునే.

ఎర కోసం దూరం పోనక్కర్లేదు. ఆ నీళ్ళలోనే ఇరుళ తెగ ఆడవాళ్ళు నడుము లోతున కూర్చున్నట్టుగా వంగి, చేతులతో బురద తడుముతూ రొయ్యలు పడతారు. దొరికిన రొయ్యని పళ్ళతో కరిచి పట్టుకున్న బుట్టలో వేస్తారు, రెండు చేతులూ మళ్ళీ నీళ్ళలోకే. వలా లేదు, గాలమూ లేదు. ఎంత సేపు చూసినా నాకు తనివి తీరదు. వాళ్ళ దగ్గర గుప్పెడు చిన్న రొయ్యలు కొనుక్కుంటే ఉదయానికి సరిపోతాయి. దయచేసి బేరం ఆడకండి.

జారే బెండు కట్టుకుంటే లోతు మార్చుకోవడం తేలిక. పై దారానికి ఒక ముడి, దాని కింద పూస, తర్వాత బెండు, సీసపు గుండు, చివర మూరెడు సన్నదారానికి గాలం. ముడిని పైకి జరిపితే ఎర లోతుకి దిగుతుంది, కిందికి జరిపితే పైపైన తిరుగుతుంది. పండుగప్పకి బతికున్న రొయ్యని వీపు మీద గుచ్చి, నేలకి జానెడు పైన ఉండేలా వదలాలి. బొంతల నోరు చిన్నది, దానికి తగ్గ చిన్న గాలం దొరకడమే కష్టం, మైదాపిండి ముద్ద చాలు. రాయపురం వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన, మాట అంతా మన తెలుగే, మా వాడి పక్కన కూర్చుని చెప్పాడు: "బొంత బెండుని ముంచదు నాయనా, నెమ్మదిగా పక్కకి లాగుద్ది. లాగినప్పుడే కొట్టు." మా వాడు "సరే తాతా" అని బెండు మీదినుంచి కళ్ళు తిప్పలేదు. ఎర్రటి బెండు కొస పోటుకి ఎదురుగా రెండంగుళాలు జరిగింది. మణికట్టు విదిలించాడు, కర్ర వంగింది. అరచెయ్యంత బొంత, అయినా వాడి సంతోషం ఇంతా అంతా కాదు.

జెల్ల పడితే చేత్తో పట్టుకోవద్దు, గుడ్డతో పట్టుకుని ముల్లు తప్పించాలి. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో పెట్టి, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. పొట్ట ఉబ్బించే బుడగ చేప విషం, అది కూరకి పనికిరాదు.

బసకి పక్కనే ఉన్న కోవలం బాగుంటుంది. దర్గా వైపు సందుల్లో హోమ్‌స్టేలు ఉన్నాయి. గది చిన్నదైనా, పెరట్లో చేప కడుక్కునే కుళాయి ఉంటే నాకు అదే పెద్ద సదుపాయం. మేం దిగిన ఇంటావిడ మా చేపల్ని తానే పులుసు పెట్టి ఇచ్చింది. వారాంతంలో అద్దె బాగా పెరుగుతుంది, మంగళ బుధవారాలు చూసుకోండి. ఈసీఆర్ మీదే ఒక రిసార్టులో ఫిషింగ్ ఉందని నమ్మి దిగాం. తీరా చూస్తే సిమెంటు తొట్టిలో పెంచిన చేపలు, పైగా వాసన వస్తుందని మా ఐస్ బాక్సుని గదిలోకి రానివ్వలేదు. డబ్బు పోయిందని కాదు, తెల్లవారి పోటు చేజారిందని బాధ. కోవలం బీచ్‌కి 2021లో శుభ్రమైన బీచ్‌లకి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. స్నానాలు చేసే భాగంలో గాలం తియ్యకండి, రాళ్ళ గట్టు వైపు సర్ఫింగ్ పిల్లలకి అడ్డం పడకండి.

అడయారు మొగ దగ్గర 1967లో కట్టి 1977లో తెగిపోయిన వంతెన ఫోటోలకి అందంగా ఉంటుంది. నీళ్ళలో మురుగు కలుస్తుంది కాబట్టి అక్కడి చేపని నేను వండను. కాశిమేడు హార్బర్లో బోట్లు, తాళ్ళు, డీజిల్ తప్ప బెండుకి చోటే లేదు. కానీ వట్టి చేతులతో తిరిగి వస్తుంటే తెల్లవారుజామున అక్కడికే వెళ్ళండి, కానాగంతలు కొంటే శుభ్రం చేసి కోసి ఇచ్చే వాళ్ళు పక్కనే కూర్చుని ఉంటారు.

పళవేర్కాడు, అంటే మన పులికాట్, నీళ్ళ పరంగా ముట్టుకాడు కంటే గొప్పది. పోటు బలంగా లోపలికి దూరుతుంది, పీతలు మహా రుచి, మాట తెలుగులోనే సాగిపోతుంది. ఇబ్బంది బసదే. మంచి గది కావాలంటే పొన్నేరి వరకు రావాలి, అక్కణ్ణుంచి బస్సులో వెళ్ళేసరికి తెల్లవారి పోటు సగం అయిపోతుంది. అందుకని పులికాట్‌ని సాయంత్రం పోటుకి పెట్టుకుంటాం. సెంట్రల్ నుంచి గుమ్మిడిపూండి, సూళ్ళూరుపేట వైపు లోకల్ రైళ్ళు పొన్నేరిలో ఆగుతాయి, గాలపు కర్ర మడిచి సంచిలో పెట్టుకుంటే ఎవరూ అడగరు. 2011 డిసెంబరులో ఇక్కడ పర్యాటకుల పడవ మునిగి చాలామంది పోయారు. ఎవరైనా పడవ ఎక్కమన్నా వద్దనండి, ఒడ్డు నుంచే వేయండి. పక్షులు దిగే మేటల దగ్గరికి పోవద్దు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తీరంలో మరబోట్ల వేట నిషేధం. మార్కెట్లో చేప ధర పెరిగేది అప్పుడే, మన గాలానికి ఆ నిషేధం వర్తించదు. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వరకు ఈశాన్య రుతుపవనాల వానలూ తుపానులూ ఉంటాయి, ఆ రోజుల్లో రాళ్ళ మీదికి ఎక్కకండి. మాకు బాగా కలిసొచ్చేది సంక్రాంతి వెళ్ళాక, మార్చి దాకా. అప్పటికి మొగ ఇంకా తెరుచుకుని ఉంటుంది, ఎండ ముదరదు, కోవలంలో గదులూ దొరుకుతాయి.