ట్రోవ్: మా ఆయన తాతగారి తాతను పట్టిచ్చిన పాత పేపర్లు

పాత పేపర్లు చదువుకోగలిగే ట్రోవ్ అనే ఆస్ట్రేలియా నేషనల్ లైబ్రరీ వాళ్ల వెబ్‌సైటుని కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఉచితమన్న సంగతి అందరికీ తెలిసిందే. నేను మురిసిపోయేది ఒక్కదానికే: పాత పేపర్ స్కాన్ పక్కనే మిషన్ చదివిన అక్షరాలు కనిపిస్తాయి, అందులో తప్పులుంటే మనమే దిద్దేయొచ్చు.

మా ఆయన తాతగారి తాత ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి సౌత్ ఆస్ట్రేలియాలోని మూంటా రాగి గనులకు వచ్చాడు. 1861లో మూంటాలో రాగి బయటపడ్డాక కార్న్‌వాల్ గని పనివాళ్లు కుటుంబాలతో సహా తరలివచ్చారు. ఎటు చూసినా అవే పేర్లు. మేం డబ్బు కట్టే ఒక వంశవృక్షాల సైటయితే కార్న్‌వాల్ దాటనే దాటని ఇంకెవరినో తెచ్చి ఆయన స్థానంలో కూర్చోబెట్టింది. పోనీ మరణ ధ్రువపత్రం తీద్దామంటే, ఆ కాలపు సౌత్ ఆస్ట్రేలియా పత్రాల్లో తల్లిదండ్రుల పేర్లుండవు. పక్కనున్న విక్టోరియాలో 1853 నుంచే రాసేవారు!

ట్రోవ్‌లో ఇంటిపేరు కొడితే ఏమీ రాలేదు. పేరు వదిలేసి మూంటా, కరోనర్ (ప్రమాద మరణాలను విచారించే అధికారి), గని ప్రమాదం అని వెతుకుతూ 'వల్లరూ టైమ్స్' పాత సంచికల్లో పడ్డాను. అక్కడున్నాడు. అచ్చు మసకబారడంతో ఇంటిపేరులో మొదటి 'టి' కాస్తా 'ఎఫ్' అయి కూర్చుంది. విచారణ ఊళ్లోని హోటల్లో జరిగింది, అప్పట్లో అది మామూలే. పక్కనే పనిచేస్తున్న తోటివాడి వాంగ్మూలం ఉంది: రాయి జారిందట, కొవ్వొత్తి ఆరిపోయిందట, పిలిస్తే పలకలేదట. చివర ఒక్క వాక్యం: మృతుడు రెడ్రూత్ (కార్న్‌వాల్‌లో ఒక ఊరు) వాడు, వచ్చి మూడేళ్లయింది. ఏ ఊరి చర్చి రిజిస్టరు తియ్యాలో, ఏ ఏళ్ల ఓడల జాబితాలు చూడాలో దాంతో తేలిపోయింది. ఆ 'ఎఫ్'ని దిద్దాను. తర్వాత పెర్త్‌లో ఉన్న మా అత్తగారు ఇంటిపేరు కొడితే నేరుగా ఆ వార్తే వచ్చింది.

అన్నీ దొరుకుతాయని చుట్టాలందరికీ ఊదరగొట్టాను గానీ, ఇప్పుడు కాస్త తగ్గించి చెబుతున్నాను. ఆయన భార్య ఆ వార్తలో 'మృతుడి భార్య' మాత్రమే, పేరు లేదు. చాలా పేపర్లు 1954తో ఆగిపోతాయి. పైగా మాకు కుదరడానికి కారణం ఆయన ఆస్ట్రేలియా రావడం, గనిలో పోవడం. జ్వరమొచ్చి ఇంట్లోనే పోయుంటే ఒక్క లైనైనా పడేదో లేదో. మీవాళ్లు కెనడాకో అమెరికాకో వెళ్లుంటే దీని జోలికి రాకండి. మా అత్తగారైతే ఇంగ్లండ్ 1851 జనాభా లెక్కల కోసం ఆ డబ్బుల సైటుకి ఇంకా కడుతూనే ఉన్నారు, నేనూ వద్దనలేదు.