కొత్తపేట స్కాన్ సెంటర్లకి ఏ ఇంటర్నెట్ లైన్ నయం?

గుంటూరులో రాత్రిపూట తీసిన సీటీ స్కాన్ హైదరాబాద్‌లోని రేడియాలజిస్టుకి అందాలంటే ప్యాకేజీ మీద రాసిన డౌన్‌లోడ్ స్పీడుతో పనిలేదు. అప్‌లోడ్ ఎంత, దారిలో ప్యాకెట్లు (ఫైలుని ముక్కలు చేసి పంపే చిన్న చిన్న పొట్లాలు) ఎన్ని పోతున్నాయి, ఈ రెండే చూడాలి. ఒక్కో స్లైసు 512×512 పిక్సెళ్లు, పిక్సెల్‌కి 2 బైట్లు, అంటే అర ఎంబీ. 600 స్లైసులకి 300 ఎంబీ. నికరంగా 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉంటే రెండు నిమిషాల పని. అదే నూటికి ఒక ప్యాకెట్ పోతూ, పింగ్ (ఒక ప్యాకెట్ అవతలికి వెళ్లి జవాబు తిరిగొచ్చే సమయం) 30 మిల్లీసెకన్లు ఉంటే, 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా ఫైలు 5 ఎంబీపీఎస్ దగ్గరే ఈడుస్తుంది. ప్యాకెట్ పోయినప్పుడల్లా లైన్లో రద్దీ ఉందనుకుని, ఫైలు పంపే పద్ధతైన టీసీపీ వేగం తగ్గించేస్తుంది మరి.

మా ఓటు గదిలోని మోడెమ్ దాకా ఫైబరే వచ్చే జీపాన్ కనెక్షన్‌కి. దారిలో స్తంభం మీదుండే స్ప్లిటర్‌కి (ఒక ఫైబర్‌లోని వెలుతురుని చాలా కనెక్షన్లకి పంచే పెట్టె) కరెంటు అక్కర్లేదు. వీధిలో కరెంటు పోయినా మీ మోడెమ్ ఇన్వర్టర్ మీద ఉంటే లైన్ నడుస్తుంది. చవగ్గా దొరికే లోకల్ కనెక్షన్లలో కొన్నిటికి ఫైబర్ అపార్ట్‌మెంట్ దాకానే వస్తుంది, అక్కణ్ణుంచి ల్యాన్ వైరు. మధ్యలోని స్విచ్‌కి కరెంటు కావాలి, దానికి బ్యాకప్ లేకపోతే మీ ఇన్వర్టర్ ఉండీ లాభం లేదు. కనెక్షన్ తీసుకునే ముందే ఈ మాట అడగండి.

జీపాన్ పెట్టించుకున్న రోజే మోడెమ్ సెట్టింగుల పేజీలో ఆర్‌ఎక్స్ పవర్, అంటే మోడెమ్‌కి అందుతున్న వెలుతురు ఎంతో చూసి రాసిపెట్టుకోండి. మైనస్ 18 నుంచి మైనస్ 24 డీబీఎం మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 కన్నా కిందికి (మైనస్ 28, 29) పడిపోతే లైన్ తెగుతూ అతుకుతూ ఉంటుంది. కారణం చాలాసార్లు గదిలోనే దొరుకుతుంది: బీరువా వెనక నలిగిన ఫైబర్, కనెక్టర్ కొసన దుమ్ము, లేదా ఆకుపచ్చ సాకెట్లో నీలం కనెక్టర్. ఆకుపచ్చదాని కొస 8 డిగ్రీల ఏటవాలుగా కోసి ఉంటుంది, నీలానిది ఏటవాలు కాదు. రెండూ కలిపితే మధ్యలో ఖాళీ మిగిలి వెలుతురు వృథా అవుతుంది.

5జీ బాక్సు బ్యాకప్‌గా చాలా మంచిది, మెయిన్ లైన్‌గా వద్దు. టవరు తన సమయంలో ఎక్కువ భాగం డౌన్‌లోడ్‌కే ఇస్తుంది, అందుకే సాయంత్రం రద్దీలో ముందు నలిగేది అప్‌లోడ్. పైగా పబ్లిక్ ఐపీ (బయటివాళ్లు నేరుగా చేరుకోగల ఇంటర్నెట్ చిరునామా) సాధారణంగా ఉండదు కాబట్టి బయటనుంచి డాక్టరు మీ సర్వర్‌లోకి నేరుగా రాలేరు, వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా వేసే ప్రైవేటు దారి) పెట్టాలి. లీజ్డ్ లైన్ (మీ ఒక్కరికే కేటాయించే లైన్) ఒక్క సీటీ ఉన్న సెంటర్‌కి అనవసర ఖర్చు.

బ్యాకప్ కోసం రెండో ఫైబర్ తీసుకునేవాళ్లు స్తంభాలు చూసుకోవాలి. రెండు కంపెనీల తీగలూ ఒకే కరెంటు స్తంభం మీద వేలాడుతుంటే ఎత్తుగా లోడేసుకున్న ఒక్క లారీ రెంటినీ తెంపుకుపోతుంది.

పరీక్ష రాత్రి ఏడు, పది గంటల మధ్య చేయండి, వైఫైలో కాదు, ల్యాన్ వైరు పెట్టి. ముందు మీ గదిలోని రౌటర్‌కి 500 పింగులు, తర్వాత స్కాన్లు అందుకునే రిపోర్టింగ్ సర్వర్‌కి 500. ప్యాకెట్లు రౌటర్ దగ్గరే పోతుంటే తప్పు మీ వైరుది. దాని అవతల పోతుంటే ఆర్‌ఎక్స్ పవర్, పోయిన ప్యాకెట్ల శాతం, సమయం మూడూ కంప్లైంట్‌లో రాయండి. వట్టి ‘నెట్ స్లో’ అని రాస్తే రౌటర్ ఆపి ఆన్ చేయమంటారు, అంతే.