జర్మనీ నర్సు ఉద్యోగం అని డబ్బు కట్టించుకుంటున్నారు, కట్టేముందు ఇది చదవండి

ఇది నిన్న సాయంత్రం జరిగింది. రాత్రంతా నిద్ర పట్టలేదు, చేతులు ఇంకా వణుకుతున్నాయి. ఏ సంస్థ గురించి చెబుతున్నానో నర్సింగ్ చదివినవాళ్లలో చాలామందికి వెంటనే తెలిసిపోతుంది. కంప్లైంట్ ఇవ్వబోతున్నాం కాబట్టి పేరు రాయడం లేదు.

నేను బీఎస్సీ నర్సింగ్ చేసి, హైదరాబాద్‌లో ఒక ఐసీయూలో మూడేళ్లు పనిచేశాను. జీతం 24 వేలు. జర్మనీలో నర్సుల కొరత ఉంది, భాష మేమే నేర్పిస్తాం, జర్మన్‌లో బీ2 స్థాయి అయ్యేసరికి ఆఫర్ లెటర్ చేతికొస్తుంది అన్నారు ఆ సంస్థవాళ్లు. 2024లో జర్మనీ మనవాళ్లకిచ్చే స్కిల్డ్ వీసాలను ఏడాదికి 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని ప్రకటించింది కదా, ఆ పేపర్ కటింగ్‌కు ఫ్రేమ్ కట్టించి రిసెప్షన్‌లో పెట్టారు. వార్త నిజమే. అందుకే నమ్మాను. కోర్సుకు 1,40,000, డాక్యుమెంటేషన్‌కు 70,000, ఇంటర్వ్యూకు 50,000. మొత్తం 2,60,000 కట్టాం. రసీదు ఇచ్చింది 90,000కే. నాన్న ఖమ్మం మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు అది. పొద్దున క్లాసులని నేను ఉద్యోగం కూడా మానేశాను. తొమ్మిది నెలలు కూర్చుని చదివి, గోథే సంస్థ పెట్టే జర్మన్ పరీక్షలో బీ2కు ఒక మెట్టు కింద ఉండే బీ1, నాలుగు భాగాలూ పాసయ్యాను.

నిన్న ఆసుపత్రివాళ్లతో వీడియో ఇంటర్వ్యూ. నా పక్కన కౌన్సెలర్ మేడం కూర్చుంది. నాన్న బయట బెంచీ మీద ఉన్నాడు. అటువైపు ఇద్దరు. వాళ్లలో ఒక పెద్దావిడ, నర్సింగ్ విభాగం చూసుకుంటుందట. వెంటిలేటర్ మీదున్న పేషెంట్‌కు సక్షన్, అంటే గొట్టంలోంచి కఫం తీయడం, ఎలా చేస్తావని అడిగింది. చెప్పాను. తప్పులున్నా చెప్పగలిగాను. ఆవిడ ముఖంలో సంతోషం కనిపించింది. చివర్లో, నాకర్థం కావాలని ఒక్కో మాటా విడదీసి నెమ్మదిగా మాట్లాడింది. క్లాసులు బాగా జరుగుతున్నాయా, కోర్సు ఫీజు, పరీక్ష ఫీజు, టికెట్ అన్నీ మేమే పెట్టుకుంటున్నాం, నువ్వు టెన్షన్ లేకుండా చదువుకో అంది. ‘డీ కోస్టెన్ యూబర్‌నేమెన్ వియర్.’ ఖర్చులు మావే అని.

తప్పుగా విన్నానేమో అనుకున్నాను. కానీ నేను కట్టాను కదా అని చెబుదామని ‘ఇష్ హాబె ఆబర్’ అన్నానో లేదో, పక్కనుంచి మేడం చెయ్యి వచ్చి మ్యూట్ నొక్కింది. వెంటనే కెమెరా ఆపేసింది. అటువైపు పెద్దావిడ ఇంకా నా జవాబు కోసం స్క్రీన్‌లోకి చూస్తూనే ఉంది. మేడం ల్యాప్‌టాప్ మూసేసి, ‘నెట్ పోయిందని మెయిల్ పెడతాలే’ అంది.

‘వాళ్లు కడుతుంటే మా దగ్గర ఎందుకు తీసుకున్నారు మేడం?’ అని అడిగాను. ‘నీకొచ్చిన జర్మన్ ఎంత, వాళ్లు చెప్పింది నీకేం అర్థమైంది?’ అంది. నేను బీ1 పాసైతే ఫొటో తీసి గోడకు పెట్టింది వీళ్లే. నా గొంతు విని నాన్న లోపలికొచ్చాడు. విషయం తెలుసుకుని, ‘అమ్మా, అప్పు చేసి తెచ్చినం, మా డబ్బులు మాకిచ్చెయ్యండి’ అని చేతులు జోడించాడు. ఆమె కుర్చీలోంచి లేవలేదు. ‘సంతకం పెట్టింది మీ అమ్మాయి పెద్దాయనా. మధ్యలో మానేస్తే ఇంకో లక్షన్నర మీరే కట్టాలి. కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్లండి’ అంది. మా నాన్న ఎవరికీ చేతులు జోడించగా నేను చూడలేదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు కూడా ఏడుపొస్తోంది.

డిగ్రీ, టెన్త్ మెమో, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ అన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి. రిజిస్ట్రేషన్ లేకుండా ఇక్కడ కూడా నన్ను ఏ ఆసుపత్రీ తీసుకోదు. ఆరు పేజీల అగ్రిమెంట్ చదవకుండా సంతకం పెట్టింది నేనే. ఒరిజినల్స్ ఇచ్చిందీ నేనే. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. కానీ వాళ్లు చేసింది మోసం.

రాత్రి కూర్చుని వెతికితే అన్నీ తెలిశాయి. ముందే వెతకాల్సింది. విదేశాల్లో ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు 1983 వలస చట్టం కింద కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్ ఉండాలి. కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పేరు కొడితే తెలిసిపోతుంది. వీళ్ల పేరు అందులో లేదు. రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంటు కూడా సర్వీస్ ఛార్జి కింద 30,000, దానిమీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. నర్సులను తీసుకెళ్లే సంస్థలకు జర్మన్ ప్రభుత్వం ఇచ్చే ఒక నాణ్యతా ముద్ర ఉంది. అది ఉన్న సంస్థ నియామక ఖర్చులు నర్సు దగ్గర తీసుకోకూడదు, ఆసుపత్రే భరించాలి. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులకు జర్మన్ నేర్పించి పంపుతోంది. ముందు అక్కడికెళ్లి అడిగి ఉంటే సరిపోయేది.

ఇంకొకటి. మా బ్యాచ్‌లో ఒకమ్మాయికి బీ1లో వినే భాగం ఒక్కటే పోయింది. కోర్సంతా మళ్లీ చేరాలని చెప్పి 40,000 కట్టించుకున్నారు. గోథే బీ1లో పోయిన భాగం ఒక్కటే మళ్లీ రాసుకోవచ్చు. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు.

ఆ ఆసుపత్రికి నేనే జర్మన్‌లో మెయిల్ రాసి, ఉన్న రసీదులు జతచేసి పంపాను. ఈ రోజు నాన్నతో పోలీస్ స్టేషన్‌కు, అక్కడినుంచి విదేశాలకు పనికెళ్లేవాళ్ల సంగతి చూసే కేంద్రప్రభుత్వ ఆఫీసు, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్‌కు వెళ్తున్నాం. అక్కడే కట్టినవాళ్లు ఉంటే రసీదులు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు తీసుకుని మాతో రండి. నలుగురం ఉంటే మాట వింటారు. సోమవారం కొత్త బ్యాచ్ మొదలవుతోంది. అందులో చేరుతున్న చెల్లెళ్లెవరైనా ఇది చదువుతుంటే, జిరాక్స్‌లు మాత్రమే ఇవ్వండి, ఒరిజినల్స్ ఇంట్లోనే ఉంచుకోండి.