స్టెనోనా, జూనియర్ అసిస్టెంటా, కాపీయిస్టా? జిల్లా కోర్టు కొలువుల్లో ఏది మేలు?

ఆంధ్రప్రదేశ్ జిల్లా కోర్టుల నోటిఫికేషన్ పడిందంటే డిగ్రీ, ఇంగ్లిష్ టైప్ హయ్యర్ రెండూ ఉన్నవాళ్లకు తర్జనభర్జన మొదలవుతుంది. షార్ట్‌హ్యాండ్ కూడా వస్తే చిక్కు ఇంకా ఎక్కువ. నెల జీతం ఒక్కటే చూసి తేల్చుకుంటే తర్వాత బాధపడేది మీరే. అయినా లెక్క జీతంతోనే మొదలుపెడదాం.

2022 పీఆర్సీ (వేతన సవరణ) స్కేళ్లలో స్టెనో గ్రేడ్-3 మూలవేతనం 34,580. జూనియర్ అసిస్టెంట్‌కూ టైపిస్ట్‌కూ 25,220. కాపీయిస్ట్‌కు 23,780. స్టెనోకూ జూనియర్ అసిస్టెంట్‌కూ బేసిక్‌లోనే 9,360 రూపాయల తేడా. డీఏ, హెచ్ఆర్ఏ బేసిక్ మీదే కడతారు కాబట్టి చేతికొచ్చేసరికి ఆ తేడా ఇంకా పెరుగుతుంది. జూనియర్ అసిస్టెంట్ సీనియర్ అసిస్టెంట్ అయ్యాక అందుకునే స్కేలు 34,580–1,07,210. అంటే అవతలివాళ్లు ప్రమోషన్ తెచ్చుకుని చేరే మెట్టు మీద స్టెనో మొదటి రోజే కూర్చుంటారు.

ఖాళీల సంగతి వేరు. 2022లో 3,432 పోస్టులకు నోటిఫికేషన్ ఇస్తే జూనియర్ అసిస్టెంట్లు 681, కాపీయిస్టులు 209, స్టెనోలు 114. 2025లో మొత్తం 1,620 పోస్టుల్లో ఆ అంకెలు 230, 193, 80. స్టెనో పోస్టులు తక్కువే గానీ షార్ట్‌హ్యాండ్ హయ్యర్ పాసై, స్కిల్ టెస్ట్‌లో చేయి వణకకుండా రాసేవాళ్లూ తక్కువే. అందుకే చేతిలో ఆ విద్య ఉన్నవాళ్లు పోస్టుల సంఖ్య చూసి బెదరక్కర్లేదు.

స్టెనో కష్టమంతా టైంలో ఉంటుంది. పగలు బెంచి పక్కన కూర్చుని సాక్షుల వాంగ్మూలాలు టైప్ చేయాలి, కోర్టు లేచాక ఛాంబర్‌లో తీర్పుల డిక్టేషన్ తీసుకోవాలి. జడ్జిగారు రాత్రి ఎనిమిదిదాకా కూర్చుంటే స్టెనో కూడా కూర్చోవాల్సిందే. బదిలీ మీద కొత్త జడ్జిగారు వస్తే ఆయన ఉచ్చారణకు చెవి అలవాటు పడేదాకా తప్పులు దొర్లుతాయి. అన్నిటికన్నా ప్రమాదం తీర్పులో ఆస్తి వివరాలు రాసే షెడ్యూల్లోనే. సర్వే నంబర్ 112/2 కాస్తా 121/2గా పడి అలాగే సంతకమైతే, కక్షిదారు ఎగ్జిక్యూషన్‌కు (తీర్పు అమలుకు) వెళ్లాకే అది బయటపడుతుంది. అప్పుడు సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 152 కింద సవరణ పిటిషన్, మళ్లీ నోటీసులు, వాయిదాలు. షెడ్యూల్‌ను వినికిడిని నమ్మి టైప్ చేయకండి. ప్లెయింట్ (దావా పత్రం) పక్కన పెట్టుకుని అంకె అంకె సరిచూడండి.

జూనియర్ అసిస్టెంట్‌కు ఒకే సీటు ఉండదు. ఫైలింగ్, సూట్ రిజిస్టర్, నాజర్ (సమన్ల అమలు, డబ్బు లెక్కలు), కాపీ సెక్షన్, ప్రాపర్టీ ఇలా తిప్పుతుంటారు. పని నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి బడి దొరకదు. ఒక్క ప్రాపర్టీ సీటు దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. కేసుల్లో జప్తయిన బంగారం, నగదు, ఆయుధాలు అక్కడే ఉంటాయి. ఛార్జి (సీటు బాధ్యత) తీసుకునే రోజు రిజిస్టర్‌లోని ప్రతి ఎంట్రీని వస్తువుతో పోల్చి చూసుకోండి. కనిపించనిది కనిపించలేదని ఛార్జి లిస్టులోనే రాయించాకే సంతకం పెట్టండి. మొహమాటానికి పోయి లెక్కపెట్టకుండా సంతకం చేస్తే పాత లోటుకు సంజాయిషీ మీ మెడకు చుట్టుకుంటుంది.

ఈ పోస్టుకున్న బలం దాని నిచ్చెన. సీనియర్ అసిస్టెంట్, ఆపైన సూపరింటెండెంట్ (44,570–1,27,480), ఆ తర్వాత పరిపాలనా పదవులు. ఎక్కాలంటే డిపార్ట్‌మెంటల్ టెస్టులు పాసవ్వాలి: సివిల్ జ్యుడిషియల్, క్రిమినల్ జ్యుడిషియల్, అకౌంట్స్. చాలామంది ప్రొబేషన్ అయిపోనీ అని వాయిదా వేసి ఇక్కడే దెబ్బతింటారు. ప్రమోషన్ రాకుండా అదే పోస్టులో ఉండిపోయినవాళ్లకు ఆరేళ్లకోసారి పై స్కేలు వస్తుంది గానీ, పై పోస్టుకు కావాల్సిన టెస్టులు పాసవకపోతే 12 ఏళ్లకు రావాల్సిన స్కేలు అందదు. స్టెనోకు గ్రేడ్-2, గ్రేడ్-1 ఉన్నా, అవి పై స్థాయి జడ్జీలకు అనుబంధంగా ఉండే పోస్టులు. కోర్టుల సంఖ్య పెరిగితే తప్ప అవి పెరగవు.

ఇక కాపీయిస్ట్, అంటే తీర్పులు, డిక్రీల నకళ్లు తయారుచేసే ఉద్యోగి. ఇంటర్, టైప్ హయ్యర్ ఉంటే చాలు కాబట్టి డిగ్రీ లేనివాళ్లకు ఇది మంచి అవకాశం. పని ఒకే తీరుగా ఉంటుంది గానీ తేలిక అనుకోవద్దు. కాపీ వెనక వేసే తేదీలు, అంటే దరఖాస్తు ఇచ్చిన రోజు, స్టాంపులు అడిగిన రోజు, వాటిని దాఖలు చేసిన రోజు, కాపీ తయారైన రోజు, వీటి మీదే అప్పీలు గడువు లెక్క ఆధారపడుతుంది. సివిల్ డిక్రీ మీద జిల్లా కోర్టుకు 30 రోజులు, హైకోర్టుకు 90 రోజులు గడువు. కాపీ తయారీకి పట్టిన రోజులను లిమిటేషన్ (కాలపరిమితి) చట్టం సెక్షన్ 12 మినహాయిస్తుంది. ఒక్క తేదీ తప్పు పడినా అప్పీలు గడువు దాటిందన్న వివాదం లేవవచ్చు.

పింఛను విషయంలో మూడింటికీ తేడా లేదు, కొత్తగా చేరేవాళ్లెవరికీ పాత పింఛను రాదు.

పాతికేళ్లలోపు వయసుండి, చదివే ఓపిక ఉంటే జూనియర్ అసిస్టెంటే మేలని నా అభిప్రాయం. ముప్పై అయిదు దాటి, ఇంటి బరువు మీద పడి, షార్ట్‌హ్యాండ్ చేతిలో ఉంటే స్టెనోకే వెళ్లండి. పై మెట్ల కోసం పదిహేనేళ్లు ఎదురుచూసే వ్యవధి మీకు లేదు. డిగ్రీ ఉండి కాపీయిస్ట్ ఒక్కటే వచ్చినవాళ్లు వదులుకోకుండా చేరి, తర్వాతి నోటిఫికేషన్‌కు శాఖాపరమైన అనుమతితో దరఖాస్తు చేసుకోవచ్చు. అనుమతి కాగితం లేకుండా మాత్రం దరఖాస్తు పెట్టకండి, ఎంపికయ్యాక రిలీవింగ్ దగ్గర ఇరుక్కుంటారు.