న్యూజెర్సీలో గన్ కొనాలనుకునే మనవాళ్ళకి: పర్మిట్ చేతికి రాకుండా షాపులో డబ్బు కట్టకండి

మన ఇళ్ళలో బంగారం ఉంటుందని దొంగలకి ఎప్పుడో తెలిసిపోయింది. అందుకే గ్రీన్ కార్డో సిటిజన్‌షిప్పో వచ్చినవాళ్ళు చాలామంది ఇప్పుడు గన్ కొనే ఆలోచనలో ఉన్నారు. కొనండి, కాదనను. కానీ అమ్మేది షాపువాడే అయినా, కొననివ్వాల్సింది మీ టౌన్ పోలీసులు. ఈ ముక్క షాపులో ఎవరూ గట్టిగా చెప్పరు. నా డబ్బు పోయింది అక్కడే.

ఇక్కడ ముందు ఫైరార్మ్స్ ఐడీ కార్డు తీసుకోవాలి. రైఫిల్‌కీ షాట్‌గన్‌కీ అది చాలు. హ్యాండ్‌గన్ అయితే ఒక్కోదానికి విడిగా పర్మిట్ కావాలి, అది 90 రోజులే పనిచేస్తుంది. 2022 డిసెంబర్‌లో ఫీజులు పెంచేశారు. కార్డుకి 5 డాలర్లు ఉండేది 50 అయింది, పర్మిట్‌కి 2 డాలర్లు ఉండేది 25 అయింది. స్టేట్ పోలీస్ పోర్టల్‌లో అప్లై చేసి, వేలిముద్రలు ఇచ్చి, ఇద్దరి రిఫరెన్సులు పెట్టాలి. తేల్చేది మాత్రం మీ టౌన్ పోలీస్ చీఫ్. చట్టం పెట్టిన గడువు 30 రోజులు.

నేను సిటిజన్‌ని. అన్నీ సరిగ్గా పెట్టి స్టేషన్‌కి వెళ్తే, కిటికీ అవతల ఉన్నావిడ నా పేరు చూసి, కూడబలుక్కుని చదివి, అద్దం కిందనుంచి ఒక కాగితం తోసింది. జెరాక్స్‌కి జెరాక్స్ తీసినట్టుంది, సగం అక్షరాలు అలుక్కుపోయాయి. ఏ దేశంలో పుట్టారు, అమెరికా ఎప్పుడొచ్చారు, ఆఫీసు నుంచి లెటర్, అన్నిటికంటే కింద భార్య సంతకానికి ఒక గీత. "ఇది పోర్టల్‌లో లేదు కదా" అంటే, "మా టౌన్‌లో అందరికీ ఇంతే" అంది. అందరికీ ఇంతేనట! మా వీధిలోనే ఉండే తెల్లాయన దాదాపు నాతోపాటే అప్లై చేశాడు. ఆయన ఆ కాగితం మొహమే చూడలేదు. నెల తిరక్కుండా కార్డు తెచ్చుకున్నాడు. నా ఫైలు కదల్లేదు.

న్యూజెర్సీ చట్టం 2సీ:58-3 చదవండి. ఆ చట్టంలో రాసినవి తప్ప ఇంకే షరతూ, ఇంకే కాగితమూ అదనంగా అడగకూడదని అందులోనే ఉంది. కిటికీ దగ్గర వాదించి లాభం లేదు. "ఏ సెక్షన్ కింద ఇవి అడుగుతున్నారో రాతపూర్వకంగా చెప్పండి" అని మెయిల్ పెట్టాను. జవాబు రాలేదు. కార్డు వచ్చింది.

ఈలోపు షాపువాడి కథ వేరు. "పర్మిట్ రోజుల్లో వచ్చేస్తుంది, ఈ సేల్ ధర మళ్ళీ దొరకదు" అని పూర్తి డబ్బు కట్టించుకున్నాడు. ఆలస్యమయ్యేసరికి స్టోరేజీ ఛార్జీ మొదలుపెట్టాడు, క్యాన్సిల్ చేస్తానంటే రీస్టాకింగ్ ఫీజు కోశాడు. పర్మిట్ రాకపోతే మొత్తం డబ్బు వెనక్కిస్తానని రసీదు మీద రాసివ్వని షాపులో ఒక్క డాలరు కూడా పెట్టకండి.

పర్మిట్ త్వరగా ఇప్పిస్తామనే కన్సల్టెంట్లు తగిలితే ఇంకా దూరంగా ఉండండి. పక్కనే న్యూయార్క్‌లో పోలీసుల గన్ లైసెన్స్ విభాగంలో లంచాల బాగోతం బయటపడి 2017లో ఫెడరల్ కేసులు పడ్డాయి. అక్కడ మధ్యవర్తుల మీద కూడా కేసులు పెట్టారు.

ఇలా మనిషిని చూసి ఇవ్వడం ఇక్కడ కొత్తేమీ కాదు. 1956లో అలబామాలోని మాంట్‌గొమరీలో ఇంటి మీద బాంబు పడ్డాక, నల్లజాతి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ క్యారీ పర్మిట్ (గన్ వెంట పెట్టుకుని తిరిగే పర్మిట్) అడిగితే అక్కడి అధికారులు కుదరదన్నారు. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు బ్రూయెన్ తీర్పు వచ్చాక, బయట గన్ పెట్టుకుని తిరగడానికి 'నీకంత అవసరం ఏమొచ్చింది' అని అడిగే అధికారం పోయింది. కిటికీ దగ్గర మనుషులు మాత్రం వాళ్ళే.

హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకి సంగతి పూర్తిగా వేరు. నాన్ఇమిగ్రెంట్ వీసా (హెచ్1బీ, విజిటర్ లాంటి తాత్కాలిక వీసా) మీద గన్ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి కానీ లాయర్ని అడగకుండా వాటి జోలికి పోవద్దు. కేసు పడితే డిపోర్టేషన్ దాకా వెళ్తుంది. సిటిజన్ అయిన ఫ్రెండ్ పేరు మీద కొనిపించుకుంటే ఇద్దరూ ఇరుక్కుంటారు. అమ్మానాన్న విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు వాళ్ళకి గన్ దాచిన సేఫ్ కోడ్ చెప్పకండి, అది కూడా వాళ్ళ చేతికి గన్ ఇచ్చినట్టే లెక్కకు రావచ్చు.

అప్లికేషన్ తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకోండి. మీ కౌంటీ సుపీరియర్ కోర్టులో హియరింగ్ అడగడానికి 30 రోజులే టైమ్ ఉంటుంది. ఆ కాగితం తారీఖు ఫొటో తీసి పెట్టుకోండి.