బ్యాచ్ డబ్బు: కాలేజీ డిపాజిటా, సొంత సొసైటీయా, ఏటా ఫీజులా - ఏది మేలు?

సంక్రాంతికి ఊళ్లకొచ్చిన పాత విద్యార్థులు ఒక పూట కలుస్తారు. నెల్లూరులోనైనా, ఒంగోలులోనైనా వరస ఒకటే. ఎవరెక్కడ స్థిరపడ్డారో చెప్పుకుంటారు, పోయినవాళ్లను తలుచుకుంటారు, గురువులకు శాలువాలు కప్పుతారు, చేపల పులుసుతో భోంచేస్తారు. చేతులు కడుక్కునే వేళకు ఎవరో ఒకరు "కాలేజీకి ఏమన్నా చేద్దాంరా" అంటారు. రాత్రికల్లా వాట్సాప్‌లో పేర్ల పక్కన అంకెలు పడతాయి. అరవై మంది తలా పదివేలు వేసుకుంటే ఆరు లక్షలు. పోగు చేయడం ఆ వేడిలో అయిపోతుంది. తేడా వచ్చేది దాన్ని ఏ రూపంలో ఇవ్వాలన్న దగ్గరే.

ముందుగా అందరికీ తట్టేది కాలేజీ పేరున శాశ్వత డిపాజిట్. అసలు కదలదు, వడ్డీతో ఏటా ఒక బహుమతి, మన బ్యాచ్ పేరు నిలిచిపోతుంది. వినడానికి బాగుంటుంది కానీ లెక్క వేసి చూడండి. ఆరు లక్షలకు 6.5 శాతం వడ్డీ అంటే ఏడాదికి 39,000. ధరలు ఏటా ఆరు శాతం పెరిగితే పదేళ్ల తర్వాత ఆ 39,000తో వచ్చేది నేటి 21,800 రూపాయల సరుకే. యాభై ఏళ్ల కిందట ఎవరైనా పెద్దమనసుతో ఐదు వేలు వేసి బంగారు పతకం ఇమ్మని రాసి ఉంటే, ఈ రోజు ఏడు శాతం లెక్కన వచ్చే వడ్డీ 350 రూపాయలు. పతకం పెట్టె కూడా రాదు.

రెండో లోపం కాగితాలది. డిపాజిట్ కాలేజీ పాన్ మీద ఉంటుంది. అదే బ్యాంకులో కాలేజీకి వేరే డిపాజిట్లూ ఉంటాయి కాబట్టి వడ్డీ అంతా కలిపి ఏడాదికి 50,000 దాటితే బ్యాంకు పది శాతం పన్ను (టీడీఎస్) ముందే కోస్తుంది. మినహాయింపు పత్రం ప్రతి ఏప్రిల్‌లో ఇవ్వాల్సింది ఆఫీసు. ప్రిన్సిపాల్ బదిలీ అయ్యాక ఆ పత్రం సంగతి, రశీదు ఏ బీరువాలో ఉందన్న సంగతి ఎవరికీ పట్టదు. గడువు తీరిన డిపాజిట్ దానంతటదే రెన్యూవల్ అవుతూ, వడ్డీ సాధారణ ఖాతాలో కలిసిపోతుంది. దొంగతనమేమీ జరగక్కర్లేదు, అడిగేవాడు లేకపోతే చాలు.

సొంత సొసైటీ మాటకొస్తే, దీని మీద కాలేజీల ఒత్తిడి వేరేలా ఉంటుంది. కాలేజీల నాణ్యతను తూచే న్యాక్ సంస్థ మదింపులో రిజిస్టరైన పూర్వ విద్యార్థుల సంఘం ఉందా, ఎంత సాయం చేసింది అని అడుగుతారు. అందుకే ప్రిన్సిపాళ్లు "సంఘం పెట్టండి" అని అంతగా వెంటపడతారు. కాలేజీ మొత్తానికి ఒక సంఘం ఉండటం మంచిదే. ఒక్కో బ్యాచ్‌కు ఒక్కోటి మాత్రం దండగ.

పెట్టడం తేలికే. 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు చాలు. మెమోరాండం, నియమావళి, చిరునామా రుజువు పట్టుకుని రిజిస్ట్రారు దగ్గరకు వెళ్లాలి. ట్రస్టు అయితే ఇద్దరు ముగ్గురు ట్రస్టీలు, స్టాంపు కాగితం మీద దస్తావేజు. కష్టం తర్వాత మొదలవుతుంది. ఏటా సర్వసభ్య సమావేశం, కార్యవర్గం జాబితా దాఖలు, ఆడిట్, రిటర్ను. పన్ను మినహాయింపు కావాలంటే ఆదాయపన్ను శాఖ దగ్గర వేరే రిజిస్ట్రేషన్. ముందు తాత్కాలికంగా ఇస్తారు, తర్వాత మళ్లీ దరఖాస్తు. దాతల వివరాలు పాన్ నంబర్లతో సహా ఆన్‌లైన్‌లో నింపాలి. 1961 చట్టం కింద దానికి గడువు మే 31, దాటితే రోజుకు 200 రూపాయలు. ఆ చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్తది వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి కానీ, దాతకు పన్ను మినహాయింపునిచ్చే సెక్షన్ జనం నోట ఇప్పటికీ 80జీయే.

ఇంత చేస్తే దాతకు మిగిలేదెంత? పదివేలు ఇచ్చినవాడికి అందులో సగం, ఐదు వేలు, ఆదాయంలోంచి తీసేస్తారు. ముప్పై శాతం శ్లాబులో ఉన్నా సెస్సుతో కలిపి 1,560 రూపాయల ఆదా. అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే. 2023-24 నుంచి కొత్త విధానమే సహజంగా వర్తిస్తోంది, అందులో 80జీ లేదు. రెండు వేలు దాటి నగదుగా ఇస్తే పాత విధానంలోనూ రాదు.

ఎక్కువ బ్యాచ్‌లు బోల్తా పడేది అమెరికా డబ్బు దగ్గర. అక్కడున్నా ఇండియా పాస్‌పోర్టే ఉన్నవాడు తన సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాడు భారత మూలాలున్న విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డు చూపినా విదేశీయుడే. అతని పదివేలు కూడా ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ, ముందస్తు అనుమతి గానీ లేని సంఘం తీసుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్‌కు సంస్థకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో సేవ మీద 15 లక్షల ఖర్చు చూపాలి. డబ్బు ముందు దిగాల్సింది ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలో. ఆరు లక్షల బ్యాచ్‌కు ఇది అయ్యే పని కాదు. "నా ఖాతాలో వేయరా, నేను చూసుకుంటా" అనే స్నేహితుడు మంచివాడే కావచ్చు, దారి మాత్రం మంచిది కాదు. కాలేజీ యాజమాన్య సంస్థకే ఎఫ్‌సీఆర్‌ఏ ఉందేమో అడిగి, ఉంటే వాళ్లను నేరుగా అక్కడికే పంపమనండి.

ఇక మూడోది, ఏటా పోగు చేసి ఏటా ఫీజులు కట్టడం. చిన్న బ్యాచ్‌కు ఇదే మేలు. అదే ఆరు లక్షలను ఎవరి వాటా వారి దగ్గరే అదే వడ్డీకి ఉంచుకుని, అసలుతో సహా పదేళ్లలో ఖర్చయ్యేలా వాడితే ఏడాదికి 39,000 బదులు 83,000 చేతికొస్తుంది. అరవై ఏళ్లు దాటిన బ్యాచ్ పదేళ్ల తర్వాత అజమాయిషీ చేయగలదా అన్నదీ ఆలోచించాలి. బతికుండగా, కళ్ల ముందే ఖర్చు కావడం మంచిది.

దీనిలోనూ గోతులున్నాయి. అరవై మందీ ఒకడి సేవింగ్స్ ఖాతాలో వేస్తే, చుట్టరికం లేనివాళ్ల నుంచి ఏడాదికి 50,000 మించి వచ్చిన డబ్బును అతని ఆదాయంగా లెక్కగట్టే వీలుంది. అతనికేమైనా అయితే ఖాతా నామినీ చేతికి పోతుంది. కాబట్టి డబ్బును ఒకచోట పోయకండి. ఎవరు ఏ విద్యార్థికి ఎంత కట్టాలో పంచుకుని, ఎవరికి వారే కాలేజీ ఖాతాకు, విద్యార్థి రోల్ నంబరు రాసి పంపండి. రశీదు గ్రూపులో పెట్టండి. విద్యార్థి చేతికి నగదు వద్దు.

ఎంపికకు మార్కుల జాబితా ఒక్కటే చూస్తే, అప్పటికే దారి దొరికిన పిల్లలకే సాయం వెళుతుంది. హాజరు పట్టీ చూసే గుమాస్తాను, హాస్టల్ వార్డెన్‌ను అడగండి. ఉదయగిరి, కనిగిరి వైపు నుంచి వచ్చి, మెస్ బిల్లు కట్టలేక ఊరికి పోయి అక్కడే ఉండిపోయేవాళ్లెవరో వాళ్లకు తెలుసు. రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైనప్పుడు, పరీక్ష ఫీజు కట్టే వారంలో, సర్టిఫికెట్లు తీసుకునే వేళలో రెండు మూడు వేలకే చదువు ఆగుతుంది. సాయం ఆ తేదీలకు అందాలి, కాలేజీ వార్షికోత్సవానికి కాదు. ఆడపిల్లలకు బస్సు పాసు కొనిచ్చే పద్ధతి ఉంటే ఆపేయండి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో వాళ్లకు ప్రయాణం ఉచితం. ఆ డబ్బు మెస్సుకు మళ్లించవచ్చు.

వస్తువులిచ్చే సంగతి క్లుప్తంగా. నెల్లూరు టౌన్ హాలుకు రేబాల వారి పేరు, మహిళా కళాశాలకు దొడ్ల కౌసల్యమ్మ పేరు నిలిచాయంటే ఆ ఇవ్వడం ఆ స్థాయిది. బ్యాచ్ కట్టించిన ఆర్చి మీది పేర్లు రెండు వానాకాలాలకే చెదిరిపోతాయి. ఫ్లోరైడ్ ఊళ్లలో ఆర్వో ప్లాంటు మాత్రం నిజంగా అవసరం. కానీ యంత్రం ధర ఒక్కటే చూడకూడదు. ఉప్పు నీళ్లకు మెంబ్రేన్ (నీళ్లను వడకట్టే పొర) మీద పొలుసు కడుతుంది. పొలుసు కట్టకుండా మందు కలపడం మానేసినా, ముందు ఫిల్టర్లు వేళకు మార్చకపోయినా మెంబ్రేన్ మూసుకుపోతుంది, తర్వాత ప్లాంటు మీద పావురాలు గూడు పెడతాయి. యంత్రానికి ఎంత పెడతారో అందులో మూడో వంతైనా ఐదేళ్ల నిర్వహణకు పక్కన పెట్టగలిగితేనే ఆ జోలికి వెళ్లండి. వదిలేసే నీళ్లు ఎక్కడికి పోతాయో కూడా ముందే చూసుకోవాలి.

డబ్బు లేకుండా చేయగలిగింది ఒకటుంది, దానికి విలువ ఎక్కువ. డిగ్రీ పిల్లలకు 2020-21 నుంచి వచ్చిన పాఠ్య ప్రణాళికలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. చోటు దొరక్క కొందరు డబ్బిచ్చి సర్టిఫికెట్ కొంటున్నారు. మీ బ్యాచ్‌లో ఒకరు రొయ్య పిల్లల హ్యాచరీ నడుపుతుంటారు, ఒకరు చీమకుర్తి గ్రానైట్‌లో ఉంటారు, ఒకరు కృష్ణపట్నం పోర్టులోనో, శ్రీసిటీలోనో పనిచేస్తారు. ఒక్కొక్కరు ఇద్దరిని తీసుకుని నిజంగా పని నేర్పిస్తే చాలు. సర్పంచో, కౌన్సిలరో అయినవాళ్లుంటే వాళ్లకు విద్యార్థుల ఎంపిక అప్పగించకండి, విద్యార్థులు చేసే గ్రామ సర్వేల ప్రాజెక్టుకు అనుమతులు ఇప్పించమనండి.

అయినా డిపాజిటే వేస్తామంటే ఒక పేజీ ఒప్పందం రాయించుకోండి. ఏ తేదీలోపు ఎవరికి ఇవ్వాలి, రశీదు నకలు ఎవరి దగ్గర ఉండాలి, వడ్డీ రెండేళ్లు వరసగా ఖర్చు కాకపోతే అసలంతా ఆ ఏటి ఫీజులకు వాడేయాలి - ఈ మూడూ అందులో ఉండాలి. ప్రిన్సిపాల్ సంతకంతో పాటు యాజమాన్యం ముద్ర కూడా వేయించండి. బదిలీ అయ్యేది ప్రిన్సిపాలే కదా.