ఖచ్చరా, గాడిదా: ఇటుక బట్టీకి ఏది మేలు?

పశువుల సంత జరిగే మాళేగావ్ జాతర దగ్గరపడితే చాలు, దెగ్లూర్, బిలోలి వైపు వాళ్ల నుంచి ఒకటే ప్రశ్న: అన్నా, ఇటుక బట్టీ పనికి ఖచ్చర్ (కంచరగాడిద) కొనాలా, గాడిదలు కొనాలా? (నాసిక్ వైపు మాలేగావ్ కాదు, మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని మన లోహా తాలూకా ఖండోబా మాళేగావ్.) రెండేళ్ల కింద నేను ఖచ్చర్‌ను అమ్మేసి రెండు ఆడ గాడిదలు తెచ్చుకున్నా. కాబట్టి నా మొగ్గు ఎటో తెలుస్తూనే ఉంది, అయినా ఖచ్చర్‌కు అన్యాయం చెయ్యను.

బరువు దగ్గర వాదనే లేదు. 1965 నాటి కేంద్ర నిబంధనల్లో వీపు మీద వేసే బరువు ఖచ్చర్‌కు 200 కిలోలు, గాడిదకు 50 కిలోలు మించొద్దని ఉంది. బట్టీల్లో ఆ లెక్క చూసేదెవరు, గాడిద నడుం వంగేదాకా పేరుస్తూనే ఉంటారు, అది వేరే ఏడుపు. ఎలా చూసినా నాలుగు గాడిదల పని ఒక్క ఖచ్చర్ లాగేస్తుంది, తోలడానికి ఒక్క మనిషి చాలు. మనుషులు దొరకని చోట ఇది చిన్న లాభం కాదు.

కానీ బట్టీ నడిచేది దీపావళి అయ్యాక మొదలై మృగశిర కార్తె దాకే కదా. ఆ తర్వాత నాలుగు నెలలు వానలు, పైసా రాదు, నోరు మాత్రం ఆగదు. నాకైతే బేరమంతా ఇక్కడే తేలుతుంది. నా ఖచ్చర్‌కు జొన్న కుట్టి (ముక్కలుగా నరికిన చొప్ప), గుప్పెడు సెనగలు, పైన తవుడు, ఏదీ తగ్గకూడదు. ఒక ఆషాఢంలో చేతిలో డబ్బుల్లేక ఒట్టి గడ్డితో సరిపెడితే రేకుల షెడ్డు గుంజను కొరికి కొరికి సగం చేసింది, పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. పచ్చగడ్డి మీద ఒక్కసారి వదిలామా, కడుపునొప్పితో పొర్లాడింది, డాక్టర్ వచ్చేదాకా రాత్రంతా టెన్షనే. ఇప్పుడున్న గాడిదలు పొద్దున వదిలితే రోడ్డు పక్క, కాలువ గట్టు మేసుకుని పొద్దుగూకే వేళకు వాటంతట అవే ఇంటికొస్తాయి. సాయంత్రం కాస్త కుట్టి వేస్తే సరి.

ఇంకోటి, ఖచ్చర్ ఈనదు. మగ గాడిదకూ ఆడ గుర్రానికీ పుట్టిన జీవం, దాంతోనే ఆఖరు. ఆడ గాడిద ఏడాది మోసినా ఒక పిల్లనిస్తుంది. 2012లో దేశంలో 3.2 లక్షలున్న గాడిదలు 2019 లెక్కలకు 1.2 లక్షలకు దిగాయి, ఇక పిల్లకు గిరాకీ ఎందుకుండదు?

గుర్రమా? పెళ్లి బరాత్‌ల పని ఉంటే కొనండి, బట్టీకి వద్దు. టట్టు (పొట్టి గుర్రం) కూడా అంతే.

ఏది కొన్నా దల్లాలు మాట మీద కొనకండి. నోరు తెరిచి పళ్లు చూడండి, అయిదేళ్లకు ముందు పళ్లన్నీ పూర్తిగా వచ్చి కలుస్తాయి, ముసలిదాని పళ్లు ఆకురాయితో అరగదీసి వయసు తగ్గించే వాళ్లున్నారు. కాళ్లు నాలుగూ ఎత్తి డెక్క అడుగున వాసన చూడండి, కుళ్లు కంపు కొడితే వదిలెయ్యండి. ముక్కు నుంచి చిక్కటి చీమిడి కారుతున్నా, కాళ్ల మీద గడ్డలున్నా దగ్గరికే పోకండి. అది గ్లాండర్స్ అనే అంటురోగం కావచ్చు, మనుషులకూ అంటుతుంది, పరీక్షలో తేలితే జంతువును చంపెయ్యాల్సిందే.

చివరిగా, చూడిది అని చెప్పి ఎక్కువ అడిగితే ఒక్క రూపాయి కూడా పెంచకండి. నా రెండు గాడిదలూ చూడివే అన్నాడు, ధర బయటికి తెలియకుండా రుమాలు కింద వేళ్లు నొక్కి నొక్కి బేరం పెంచాడు. ఒకటి భాద్రపదంలో ఈనింది. రెండోదానికి రెండేళ్లయింది, ఇంకా చూస్తూనే ఉన్నా.